ఉత్పాదకాల నిల్వల నిర్వహణలో సిబ్బంది విచక్షణ: కోనసీమ అనుభవాల నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రభుత్వ సంస్థలలో నిల్వల నిర్వహణను గుమాస్తా పనిగా చూడటం పరిపాటి. స్టాకు రిజిస్టరులో అంకెలు సరిపోయి, ఆడిట్‌లో అభ్యంతరం రాకపోతే నిర్వహణ సక్రమంగా ఉన్నట్లే భావిస్తారు. కాని వ్యవసాయ రంగంలో రిజిస్టరు సరిగా ఉన్నంత మాత్రాన నిల్వ సరిగా ఉన్నట్లు కాదు. నారుమడి పోసే వారంలో లేని విత్తనం, అదును దాటాక వచ్చిన పొటాష్, బీజాంశాలు చచ్చిపోయిన జీవశిలీంధ్రం రిజిస్టరులో లోపంగా కనిపించవు. వాటి ఫలితం పొలంలో కనిపిస్తుంది. ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి, దేనిని తెప్పించకూడదు అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినవారు గ్రామ, మండల స్థాయి సిబ్బంది. ఈ సమాధానంలో లెక్కకు ఉన్న స్థానమెంత, విచక్షణకు ఉన్న స్థానమెంత అన్నది ఈ వ్యాసంలో చర్చించబడుతున్నది.

కోనసీమ ప్రత్యేకత

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, వైనతేయ పాయను లోపల ఇముడ్చుకొని, సముద్రానికి ఆనుకొని ఉన్న ప్రాంతం కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఒకవైపు వరి, మరొకవైపు కొబ్బరి, వాటి మధ్య లంక భూములలో అరటి, కూరగాయలు సాగవుతున్నాయి. ధవళేశ్వరం నుంచి మధ్య డెల్టా కాలువలకు జూన్‌లో నీరు వదలగానే సార్వా పనులు మొదలవుతాయి. దాళ్వా నారుమళ్ళు నవంబరు చివర, డిసెంబరులో పడతాయి. అందువలన విత్తనానికి, దుక్కి ఎరువుకు గిరాకీ సంవత్సరమంతా సమానంగా ఉండదు. రెండు మూడు వారాలలో ఉప్పెనలా వచ్చి తగ్గిపోతుంది.

దీనికి మూడు అంశాలు తోడవుతాయి. మొదటిది గాలిలో తేమ. తీరప్రాంతం కావడం వలన వానకాలంలోనే కాక ఎండకాలపు రాత్రులలో కూడా గిడ్డంగిలో తేమ ఎక్కువగా ఉంటుంది. రెండవది ముంపు. పల్లపు ఆయకట్టులో మురుగు కాలువలు పోటు సమయంలో నీటిని సముద్రంలోకి తీసుకోలేవు. చేను వారం రోజుల పాటు నీటిలో ఉండటం అరుదైన విషయం కాదు. మూడవది కౌలు సాగు. పట్టాదారు పేరు రికార్డులో ఉంటుంది. రకాన్ని ఎంచుకొని, విత్తనం కొని, ఎరువు వేసేది చాలాచోట్ల కౌలుదారు. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చినప్పటికీ రికార్డులోని రైతుకు, చేలోని రైతుకు మధ్య అంతరం పూర్తిగా తొలగలేదు. పట్టాదారుల జాబితా ఆధారంగా వేసిన అంచనాకు, కౌలుదారు అసలు అవసరానికి తేడా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

2020 మే 30న రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలుగా ప్రారంభమై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన వ్యవస్థ వలన ఉత్పాదకాల పంపిణీ గ్రామానికి చేరువైంది. ఇండెంటు పెట్టే బాధ్యత కూడా గ్రామ వ్యవసాయ, ఉద్యాన సహాయకుల వద్దకు చేరింది. కాబట్టి నిల్వల లెక్కను విస్తరణ విద్యలో భాగంగా బోధించవలసిన అవసరం ఏర్పడింది.

లెక్క చెప్పగలిగినది

నిల్వల శాస్త్రంలో మూడు సాధనాలు విరివిగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది మితవ్యయ కొనుగోలు పరిమాణం. ఫోర్డ్ హారిస్ 1913లో ప్రతిపాదించిన ఈ సూత్రం ప్రకారం సంవత్సరపు అవసరాన్ని, ఒక్కసారి తెప్పించడానికయ్యే ఖర్చును గుణించి, రెట్టింపు చేసి, ఒక యూనిట్‌ను ఏడాది పాటు నిల్వ ఉంచే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీసుకోవాలి. ఉదాహరణకు ఒక కార్యాలయానికి ఏడాదికి 48 కట్టల తెల్లకాగితం కావాలని, ఒకసారి తెప్పించడానికి 150 రూపాయలు, ఒక కట్ట నిల్వకు ఏడాదికి 40 రూపాయలు అవుతుందని అనుకుంటే, ఒక్కసారికి సుమారు 19 కట్టలు తెప్పించడం లాభకరం. అంటే ఏడాదికి రెండు, మూడు సార్లు కొంటే సరిపోతుంది.

రెండవది తిరిగి తెప్పించవలసిన మట్టం. రోజువారీ వాడకాన్ని, సరుకు చేరడానికి పట్టే రోజులతో గుణించి, దానికి భద్రతా నిల్వను కలపాలి. ఒక కేంద్రంలో రోజుకు 12 బస్తాల యూరియా పోతూ, సరఫరాకు 7 రోజులు పడుతూ, 36 బస్తాల భద్రతా నిల్వ అవసరమనుకుంటే, నిల్వ 120 బస్తాలకు దిగగానే ఇండెంటు పెట్టాలి.

మూడవది అ, ఆ, ఇ వర్గీకరణ. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అనుభవం ఆధారంగా 1951లో ఫోర్డ్ డికీ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో విలువ ఎక్కువగా ఉన్న కొద్ది వస్తువులపై నిశితమైన నిఘా, విలువ తక్కువైన అనేక వస్తువులపై సులువైన నిఘా ఉంచుతారు.

ఈ మూడింటికీ ఒక ఉమ్మడి షరతు ఉంది. గిరాకీ నిలకడగా ఉండాలి. నిల్వ ఉన్నంత కాలం సరుకు చెడిపోకూడదు. కాగితానికి ఈ షరతు చాలావరకు వర్తిస్తుంది. వరి విత్తనానికి వర్తించదు.

లెక్క ఆగిపోయే చోటు: విత్తనం

ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక, సాధారణ సంచులలో గరిష్ఠంగా 13 శాతం తేమ ఉండాలని ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. పరీక్ష తేదీ నుంచి ధ్రువీకరణ 9 నెలలు చెల్లుతుంది. తిరిగి పరీక్షించి నిలిచినట్లయితే మరో 6 నెలలు పొడిగించవచ్చు. విత్తన తేమ 1 శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెంటిగ్రేడు తగ్గినా విత్తన జీవితకాలం రెట్టింపవుతుందని హారింగ్టన్ సూత్రం చెబుతుంది. దీనిని తిరగేసి చదివితే కోనసీమ గిడ్డంగి స్థితి అర్థమవుతుంది. తేమ పీల్చుకున్న ప్రతి శాతానికీ విత్తన ఆయువు సగమవుతుంది. మెట్ట ప్రాంతపు గిడ్డంగిలో నిలిచిన విత్తనం తీరప్రాంతపు గిడ్డంగిలో అంతకాలం నిలుస్తుందని అనుకోరాదు.

మిగిలిపోయిన విత్తనానికి మరో ఉపయోగం ఉందా అన్నది తరువాతి ప్రశ్న. మారుటేరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, దీర్ఘకాలిక సార్వా రకం. సార్వాలో మిగిలిన స్వర్ణ విత్తనాన్ని దాళ్వాకు ఇవ్వడం కుదరదు. మందు కలిపిన విత్తనమైతే ధాన్యంగా కూడా పనికిరాదు. ఎం.టి.యు. 1010 వంటి స్వల్పకాలిక రకం సంగతి వేరు. సార్వాలో మిగిలినా, మొలక పరీక్షలో నిలిస్తే, దాళ్వాలో దానికి గిరాకీ ఉంటుంది. రిజిస్టరులో రెండూ ఒకే తీరు పద్దులు; నష్టభయంలో రెండూ వేరు.

ఇటువంటి ఒకే అదును సరుకుకు సగటు గిరాకీ సరైన కొలమానం కాదు. కొరత వలన బస్తాకు కలిగే నష్టాన్ని, కొరత నష్టం, మిగులు నష్టాల మొత్తంతో భాగించగా వచ్చే నిష్పత్తి ఎన్ని సంవత్సరాల గిరాకీని తీర్చగలిగేలా నిల్వ ఉంచాలో తెలుపుతుంది. ఒక కేంద్రంలో ఐదేళ్ళ గిరాకీ వరుసగా 180, 200, 150, 220, 200 బస్తాలు అనుకుందాం. సగటు 190. బస్తా కొరత వలన నష్టం 600 రూపాయలు, మిగులు వలన నష్టం 300 రూపాయలు అయితే నిష్పత్తి మూడింట రెండు వంతులు. అప్పుడు 200 బస్తాలు తెప్పించాలి. మిగులు నష్టం 1,200 రూపాయలైతే నిష్పత్తి మూడింట ఒక వంతుకు దిగుతుంది. అప్పుడు 180 బస్తాలు చాలు. ఐదేళ్ళ అంకెలు మారలేదు, ఇండెంటు మాత్రం మారింది.

విచక్షణ అవసరమయ్యేది ఈ రెండు నష్టాలను అంచనా వేయడంలోనే. అదే రకం బజారులో నమ్మకంగా దొరుకుతుందా, ఊరి రైతులు సొంత విత్తనం దాచుకున్నారా, కౌలుదారు అప్పు తెచ్చిన దుకాణంలోనే విత్తనం కొనవలసిన స్థితిలో ఉన్నాడా అన్నవి కంప్యూటరులో ఉండే సమాచారం కాదు. ఊరిలో తిరిగే సహాయకునికి తెలిసే విషయాలు.

2011 సార్వా ఇందుకు ప్రబలమైన ఉదాహరణ. ఆ ఏడాది గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం, ధాన్యం అమ్ముడుపోకపోవడం వంటి కారణాలతో కోనసీమ రైతులు సాగు విరామం ప్రకటించారు. వేలాది ఎకరాలు బీడుగా మిగిలాయి. దీనిపై ప్రభుత్వం మోహన్ కందా సంఘాన్ని నియమించింది. అటువంటి సంవత్సరంలో గత ఏడాది అమ్మకాల సగటు ఎంత జాగ్రత్తగా కట్టినా అది తప్పుడు సమాధానమే ఇస్తుంది. రైతుల సమావేశాలలో వినిపించే మాటలు, కౌలు ఒప్పందాలు కుదరకపోవడం, దమ్ము పనులకు ట్రాక్టర్లు మాట్లాడుకోకపోవడం వంటి గుర్తులు మాత్రమే ముందుగా హెచ్చరించగలవు.

జీవ నియంత్రణ సాధనాలు

సర్పిలాకార తెల్లదోమ భారతదేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో నమోదైంది. అనతికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు వ్యాపించింది. రసాయన మందుల పిచికారీ ఎన్‌కార్సియా వంటి మిత్ర కీటకాలను కూడా చంపుతుంది గనుక జీవ నియంత్రణకు ప్రాధాన్యం ఏర్పడింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం ఐసేరియా ఫ్యూమోసోరోసియా శిలీంధ్రాన్ని, మిత్ర పురుగులను ఉత్పత్తి చేసి రైతులకు అందించే దిశగా కృషి చేసింది.

వీటి నిల్వకు ఎరువుల బస్తా లెక్క పనికిరాదు. జీవ ఎరువులలో కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు బరువును మాత్రమే చూడదు. వాహక పదార్థంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపంలో మిల్లీలీటరుకు 10 కోట్ల చొప్పున బతికిన సూక్ష్మజీవుల సంఖ్యను నిర్దేశిస్తుంది. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టిన ప్యాకెట్టు బరువు తగ్గదు, రిజిస్టరులో సంఖ్య మారదు, గడువు తేదీ కూడా దాటదు. కాని లోపలి జీవం నశిస్తుంది. దానిని వాడిన రైతు ఫలితం చూడక జీవ నియంత్రణ పద్ధతినే తిరస్కరిస్తాడు. ఒక ప్యాకెట్టు ధర కంటె ఈ నష్టం ఎన్నో రెట్లు పెద్దది. అందువలన వీటికి ముందస్తు నిల్వ కంటె ముందస్తు నమోదు మేలు. రైతు పేరు, చెట్ల సంఖ్య, పిచికారీ తేదీ ముందుగా రాసుకొని, ఆ వారానికి సరిపడా మాత్రమే తెప్పించి, వచ్చిన రోజునే పంచాలి. గిడ్డంగిలో నిల్వ సున్నాగా కనిపించడం ఇక్కడ లోపం కాదు, లక్ష్యం.

విచక్షణ పొరబడే తీరు

సిబ్బంది విచక్షణ అవసరమని చెప్పినంత మాత్రాన ప్రతి ఊహా విచక్షణ కాదు. ఈ విషయమై అంతర్జాతీయంగా జరిగిన అధ్యయనాలు గమనించదగినవి. రాబర్ట్ ఫిల్డెస్, పాల్ గుడ్విన్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు సంస్థలకు చెందిన 60 వేలకు పైగా గిరాకీ అంచనాలను పరిశీలించారు. కంప్యూటరు ఇచ్చిన అంకెను సిబ్బంది సవరించినప్పుడు, పెద్ద సవరణలు సాధారణంగా మేలు చేశాయి; చిన్న చిన్న సవరణల వలన ప్రయోజనం స్వల్పం, ఒక్కొక్కప్పుడు నష్టం. తగ్గించిన సవరణలు పెంచిన సవరణల కంటె ఎక్కువగా ఫలించాయి. పెంచిన వాటి వెనుక తరచుగా ఆశ ఉండటమే దీనికి కారణంగా వారు భావించారు.

2000 సంవత్సరంలో ష్వైట్జర్, కషాన్ జరిపిన ప్రయోగాలలో మరొక బలహీనత వెల్లడైంది. మిగులు నష్టం తక్కువగా ఉన్న సరుకును తక్కువగా, మిగులు నష్టం ఎక్కువగా ఉన్న సరుకును ఎక్కువగా తెప్పించి, మనుషులు తెలియకుండానే సగటు వైపు జారిపోతారు. పైన చెప్పిన ఉదాహరణలో 200 కాని, 180 కాని పెట్టవలసినచోట 190 పెట్టడం ఇటువంటిదే.

ప్రభుత్వ కార్యాలయాలలో వీటికి మరి రెండు ఒత్తిళ్ళు కలుస్తాయి. కాలం చెల్లిన సరుకుకు రిజిస్టరులో పద్దు ఉంటుంది, సంతకం ఉంటుంది, సంజాయిషీ అడిగే వీలు ఉంటుంది. కొరత వలన ఖాళీ చేతులతో వెళ్ళిన రైతుకు ఎక్కడా పద్దు ఉండదు. అందువలన జాగ్రత్తపరుడైన ఉద్యోగి తక్కువ ఇండెంటు వైపు మొగ్గుతాడు. దీనికి విరుద్ధంగా మార్చి నెలలో నిధులు మురిగిపోతాయన్న భయంతో అవసరం లేని స్టేషనరీ, రసాయనాలు కొనే ధోరణి కనిపిస్తుంది. ఒకే కార్యాలయంలో విత్తనం కొరత, టోనర్ల మిగులు పక్కపక్కనే ఉండటానికి కారణం ఇదే. ఇది వ్యక్తి లోపం కంటె వ్యవస్థ ఇచ్చే సంకేతాల ఫలితమని గుర్తించాలి.

నిబంధనలు ఇచ్చిన అవకాశం

విచక్షణకు నిబంధనలు అడ్డమనే అభిప్రాయం పూర్తిగా సరికాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో వినియోగ వస్తువులను ఏడాదికి ఒకసారి భౌతికంగా తనిఖీ చేయాలని ఉంది. అదే నియమావళి అవసరపు తరచుదనాన్ని, పరిమాణాన్ని, సరఫరా తీరును బట్టి తగిన భద్రతా నిల్వను అధికారి నిర్ణయించాలని చెబుతుంది. ఏడాదికి మించి నిలిచిన సరుకును, తగిన కారణాలు లేనట్లయితే, మిగులుగా భావించాలని కూడా అందులో ఉంది. ఆర్థిక సంవత్సరం చివరి నెలలలో ఖర్చు పెంచడాన్ని ఆర్థిక ఔచిత్య ఉల్లంఘనగా పేర్కొంటుంది. ‘తగిన కారణాలు’ అన్న మాటలోనే విచక్షణకు చోటుంది. ఆ కారణం కాగితంపై ఉన్నప్పుడు అది విచక్షణ. లేనప్పుడు తనిఖీ అధికారికి అది నిర్లక్ష్యంగానే కనిపిస్తుంది.

పురుగుమందుల విషయంలో మాత్రం సడలింపు లేదు. కాలం చెల్లిన మందులను వెంటనే వేరుచేసి, అమ్మకానికి కాదని ముద్రవేసి, ప్రత్యేక స్థలంలో ఉంచాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు ఆదేశిస్తున్నాయి. ఏది తన విచక్షణకు లోబడినదో, ఏది కాదో తెలిసి ఉండటం కూడా విచక్షణలో భాగమే.

కార్యాలయ సామగ్రి

రసీదు పుస్తకాలు, మట్టి నమూనా సంచులు, లేబుళ్ళు, తేమమాపక యంత్రపు బ్యాటరీలు, ప్రింటరు టోనర్లు విలువలో ‘ఇ’ వర్గానికి చెందినవి. కాని విలువ తక్కువైనంత మాత్రాన ప్రాధాన్యం తక్కువ కాదు. ధాన్యం సేకరణ వేళ తేమమాపకంలో బ్యాటరీ లేకపోతే, 17 శాతం తేమ పరిమితి వద్ద రైతుకు, కొనుగోలుదారుకు మధ్య వాదన తీర్చే సాధనం ఉండదు. లేబుల్ లేని మట్టి నమూనా ఎవరి చేనిదో తెలియదు. ఇటువంటి వస్తువులను విలువను బట్టి కాక, అవి లేకపోతే ఏ పని ఆగుతుంది అన్న ప్రశ్నను బట్టి వర్గీకరించాలి. ఆగే పని పెద్దదైతే వస్తువు ధర పది రూపాయలైనా భద్రతా నిల్వ తప్పనిసరి.

వరద వేళ నిర్ణయాలు

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు నీట మునిగాయి. ఇటువంటి వేళ లెక్క ఒక మాట, అనుభవం మరొక మాట చెబుతాయి. నిల్వ తగ్గింది గనుక తెప్పించమని లెక్క చెబుతుంది. పల్లపు గిడ్డంగికి ఆ వారంలో ఒక్క బస్తా కూడా చేర్చరాదని, ఉన్న దానిని మెరక ప్రదేశానికి తరలించాలని అనుభవం చెబుతుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా తేమ పీల్చుకోవడం మొదలవుతుంది. ముంపు నీరు తగలకపోయినా బస్తాలు గడ్డకట్టవచ్చు.

నీరు తీసిన తరువాత గిరాకీ స్వరూపమే మారుతుంది. నిలదొక్కుకున్న పైరుకు ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదనంగా వేయాలన్నది ప్రచారంలో ఉన్న సిఫారసు. సాధారణ వేళలో నెమ్మదిగా పోయే పొటాష్‌కు ఒక్కసారిగా అవసరం ఏర్పడుతుంది. పైరు కుళ్ళిన చోట తిరిగి నారు పోయాలంటే దీర్ఘకాలిక రకం పనికిరాదు. స్వల్పకాలిక రకం కావాలి. గత ఏడాది ఇదే వారపు అమ్మకాలలో ఈ రెండు అవసరాలు కనిపించవు. కాబట్టి సార్వాకు ముందే, ఏ చేలు మొదట మునుగుతాయో తెలిసిన సిబ్బంది, మండల స్థాయిలో మెరక ప్రదేశపు గిడ్డంగిలో పొటాష్, స్వల్పకాలిక విత్తనాల ఉమ్మడి నిల్వను ప్రతిపాదించడం మంచిది. వరద రాని ఏడాది ఆ విత్తనం దాళ్వాకు మళ్ళుతుంది, పొటాష్ చెడిపోదు. మిగులు నష్టం తక్కువగా ఉన్నందువలననే ఈ ముందు జాగ్రత్త సమర్థనీయం.

ఆచరణకు సూచనలు

1. ఇండెంటు పత్రంలో మూడు గడులు ఉండాలి: లెక్క చెప్పిన సంఖ్య, సిబ్బంది సవరించిన సంఖ్య, సవరణకు కారణం. కారణం ఒకటి రెండు వాక్యాలు చాలు, తేదీ తప్పనిసరి.

2. చెప్పదగిన కొత్త కారణం లేనప్పుడు లెక్క ఇచ్చిన సంఖ్యను కదిలించరాదు. కారణం ఉన్నప్పుడు సవరణ అరకొరగా ఉండరాదు.

3. పెంచే సవరణకు రెట్టింపు ఆధారం అడగాలి. రైతుల పేర్లతో ముందస్తు నమోదు ఇందుకు మంచి ఆధారం. ఆ జాబితాలో కౌలుదారుల పేర్లు ఉండాలి.

4. లేదనిపించుకొని వెనుదిరిగిన ప్రతి రైతు అవసరాన్ని ‘తీరని గిరాకీ’ పద్దులో రాయాలి. ఇది లేనట్లయితే అమ్మకమే గిరాకీగా పొరబడి, ఏటేటా కొరత కొనసాగుతుంది.

5. ముందు గడువు తీరేది ముందు పోవాలి. విత్తనానికి అదును ముందు కేంద్రంలోనే మొలక పరీక్ష జరపాలి.

6. యంత్రంలోని నిల్వను, గోదాములోని బస్తాలను వారానికొకసారి సరిపోల్చాలి. తేడాకు కారణం ఆ రోజే రాయాలి.

7. అదును ముగిశాక సవరణలను, ఫలితాలను పక్కపక్కన పెట్టి మండల సమావేశంలో చర్చించాలి. ఎవరి సవరణ తప్పిందన్నది కాక, ఏ రకమైన కారణాలు నిజమవుతున్నాయన్నది చర్చనీయాంశం కావాలి.

విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఒక అదునుకు ఈ పట్టికను ఒక కేంద్రంలో నింపి చూడవచ్చు. నిల్వల శాస్త్రాన్ని, పైరు శరీరధర్మాన్ని, గ్రామ సామాజిక స్థితిని కలిపి చదివే అవకాశం అందులో లభిస్తుంది.

ముగింపు

నిల్వల నిర్వహణలో లెక్క, విచక్షణ ఒకదానికొకటి పోటీ కావు. నిలకడగా వాడే కాగితం, బ్యాటరీల వంటివాటికి లెక్కను నమ్మవచ్చు. అదునుకు కట్టుబడిన విత్తనానికి లెక్కతో మొదలుపెట్టి విచక్షణతో సవరించాలి. జీవ సాధనాలకు రైతు నమోదే ప్రమాణం. పురుగుమందుల గడువుకు నిబంధనే ప్రమాణం. ఏ సరుకుకు ఏది వర్తిస్తుందో తెలిసిన సిబ్బంది ఉన్న కేంద్రాన్ని రైతు నమ్ముతాడు. అదునులో ఒకసారి ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళిన కౌలుదారు మరుసటి ఏడాది అప్పు ఇచ్చే దుకాణానికే వెళతాడు. ఆ తరువాత కేంద్రంలో విత్తనం ఎంత ఉన్నా అతనికి చేరదు. ఆ నష్టాన్ని చూపే పద్దు ప్రస్తుత రిజిస్టర్లలో లేదు. దానిని చేర్చడం మొదటి మెట్టు.